రేకుల కప్పు కింద బ్రతికే హక్కు

మే నెల రెండవ వారంలో సూర్యుడు మా తిరువూరు నడినెత్తిన నిలుస్తాడు. ఇది కవుల వర్ణన కాదు, భూగోళ శాస్త్రం. మా పట్టణం సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. కనుక ఏటా రెండుమార్లు, మే నెలలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరొకసారి, మధ్యాహ్నపు నీడ మనిషి పాదాల కిందికి చేరిపోతుంది. ఆగస్టులో మబ్బులు అడ్డుపడతాయి. మే నెలలో అడ్డుపడేది ఇంటి కప్పు ఒక్కటే. ఆ కప్పు ఏ రకానిది, ఏ రంగుది అన్నదానిని బట్టి దాని కింద కాపురముండే కుటుంబం ఆ నెలను ఎట్లా గడుపుతుందో తేలిపోతుంది.

మైనారిటీ హక్కుల పత్రికలో కప్పుకు వేసే సున్నం గురించి రాయడమేమిటని కొందరు పాఠకులు అనుకోవచ్చు. రిజర్వేషన్ల సమస్య ఉన్నది, అన్యాక్రాంతమవుతున్న వక్ఫ్ భూములున్నాయి, ఆగిపోయిన స్కాలర్‌షిప్పులున్నాయి. వీటి నడుమ సున్నమా? వాటిలో దేనినీ తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కానీ హక్కు అనే మాటను మనం కోర్టులకు, కార్యాలయాలకు, అసెంబ్లీకి మాత్రమే పరిమితం చేసుకుని చాలా కాలమైంది. ఇంట్లో కూర్చుని ఊపిరి పీల్చుకోగలగడం కూడా హక్కే. చమేలీ సింగ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఈ సంగతిని స్పష్టంగా చెప్పింది: రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో నివాస హక్కు ఇమిడి ఉన్నది, నివాసమంటే తల దాచుకునే చోటు మాత్రమే కాదు, తగిన స్థలం, గాలి, వెలుతురు ఉన్న సురక్షితమైన ఇల్లు. 2024లో అదే న్యాయస్థానం మరొక అడుగు వేసి, వాతావరణ మార్పుల దుష్ఫలితాల నుండి రక్షణ పొందడం 14, 21 అధికరణాల కింద పౌరుల హక్కు అని ప్రకటించింది. ఆ కేసు వచ్చింది బట్టమేకపిట్టను కాపాడే విషయంలో. పిట్ట కోసం వేసిన వ్యాజ్యంలో మనుషులకు ఒక హక్కు లభించింది. ఆ హక్కును తీసుకువచ్చి మన మొహల్లాలో, మన రేకుల ఇంటి గుమ్మం ముందు నిలబెట్టి చూడవలసిన బాధ్యత మనదే.

ఎండ అందరికీ ఒక్కటే అంటారు. ఆకాశంలో ఉన్నంతవరకు ఆ మాట నిజం. కప్పును తాకిన తరువాత నిజం కాదు. రెండంతస్తుల మేడలో కింది అంతస్తులో ఉన్నవారికి పై అంతస్తే గొడుగు. ఒంటి అంతస్తు ఇంటిలో, ముఖ్యంగా రేకుల ఇంటిలో, ఎండకూ మనిషికీ మధ్య ఉన్నది వేలి మందం కూడా లేని రేకు. మన కుటుంబాలలో ఎక్కువ మంది ఎక్కడ నివసిస్తున్నారో చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో పట్టణాలలో నివసించేవారు 31 శాతం; ముస్లింలలో ఆ వాటా దాదాపు 40 శాతం. పల్లెలో పేదవానికి కనీసం ఇంటి ముందు ఒక వేపచెట్టు, పక్కన ఖాళీ స్థలం ఉంటుంది. పట్టణంలో పేదవానికి ఆ భాగ్యం లేదు. గోడకు గోడ, కప్పుకు కప్పు తగిలి ఉండే ఇరుకు వీధులలో గాలి రావాలన్నా దారి వెతుక్కోవలసిందే. దానికి తోడు, ఇల్లు అద్దెకు అడిగినప్పుడు పేరు విని ముఖం తిప్పుకునే యజమానుల వలన మనవారు కొన్ని వీధులకే పరిమితమై, దొరికిన గదితో సరిపెట్టుకోవలసి వస్తున్నది.

మరొక ముఖ్యమైన విషయం పని. రాజిందర్ సచార్ కమిటీ 2006లో సమర్పించిన నివేదికలో ముస్లిం స్త్రీలలో ఇంటిపట్టున ఉండి పనిచేసేవారి వాటా ఇతరులకంటే బాగా ఎక్కువ అని నమోదు చేసింది. కుట్టుపని, జాకెట్లకు హుక్కులు కుట్టడం, చీరలకు ఫాల్సు వేయడం, ఎంబ్రాయిడరీ, అప్పడాలు, పచ్చళ్లు. ఇవన్నీ ఇంటి నుండే జరుగుతాయి. అంటే ఆ స్త్రీకి ఇల్లే కార్ఖానా. కార్ఖానాలో పనిచేసే కార్మికుని కోసం చట్టమున్నది. గాలి, ఉష్ణోగ్రతల గురించి అందులో నిబంధనలున్నాయి. ఇంట్లో మిషను తొక్కే మన అక్కచెల్లెలి కోసం ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. మధ్యాహ్నం పన్నెండు నుండి నాలుగు వరకు రేకుల కింద మిషను ముందు కూర్చోలేక పని ఆపేస్తే ఆ రోజు సంపాదనలో సగం పోయినట్లే. ఏప్రిల్, మే నెలలు పెళ్లిళ్ల కాలం, కుట్టుపనికి గిరాకీ ఉన్న కాలం. సరిగ్గా ఆ నెలలలోనే ఆమె చేతులు ఆగిపోతున్నాయి.

2015 మే నెలను తెలుగువారు మరువలేరు. దేశవ్యాప్తంగా ఆ వేసవిలో వడగాలులకు రెండు వేల మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రజలే. ఇవి లెక్కకు వచ్చిన మరణాలు. రోడ్డు మీద, పొలంలో, పనిస్థలంలో పడిపోయిన వ్యక్తి మరణం వడదెబ్బ మరణంగా గుర్తింపు పొందే అవకాశం కొంతైనా ఉన్నది. ఇంట్లో మంచం మీద, వేడెక్కిన కప్పు కింద, పూర్వమే గుండెజబ్బో మధుమేహమో ఉన్న వృద్ధురాలు సాయంత్రానికి కన్నుమూస్తే అది వయసు మీదపడి సంభవించిన మరణంగానే మిగిలిపోతుంది. పరిహారం మాట అటుంచండి, కారణమైనా కాగితం మీదికి ఎక్కదు.

ఇంతకూ కప్పు ఏం చేస్తుంది? మిట్టమధ్యాహ్నం నిర్మలమైన ఆకాశం నుండి ప్రతి చదరపు మీటరు మీద సుమారు వెయ్యి వాట్ల సూర్యశక్తి పడుతుంది. నలభై చదరపు మీటర్ల చిన్న ఇంటి కప్పు మీద అంటే నలభై వేల వాట్లు. వెయ్యి వాట్ల నీళ్ల హీటర్లు నలభై ఒకేసారి వెలిగించి కప్పు మీద పరచినట్లు ఊహించుకోండి. బూడిద రంగు సిమెంటు స్లాబు అందులో ముప్పై శాతం వెనక్కి పంపిందనుకుంటే, మిగిలిన ఇరవై ఎనిమిది హీటర్ల వేడిని తానే మింగుతుంది. అదే స్లాబుకు మంచి తెల్లపూత వేసి డెబ్బై అయిదు శాతం వెనక్కి పంపగలిగితే మింగేది పది హీటర్ల వేడి మాత్రమే. కరెంటు ఖర్చు లేదు, యంత్రం లేదు, తిరిగే భాగం లేదు. రంగు మార్చినందుకే ఇంత తేడా.

స్లాబు, సిమెంటు రేకు, ఇనుప రేకు మూడింటి స్వభావాలూ వేరు. స్లాబు మందమైనది, నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగానే చల్లారుతుంది. పగలంతా తాగిన వేడిని రాత్రి పది గంటల వేళ కూడా కింద ఉన్నవారి మీద కుమ్మరిస్తూనే ఉంటుంది. ఫ్యాను వేస్తే ఆ స్లాబు కింద వేడెక్కిన గాలినే మంచం మీదికి తోస్తుంది. సిమెంటు రేకు పలుచన, దానికి ఓపిక లేదు. ఉదయం పదింటికే మండిపోతుంది, సూర్యుడు దిగగానే చల్లబడుతుంది. రేకుల ఇంటివారు పగలు చెట్టు కిందికి, స్లాబు ఇంటివారు రాత్రి ఆరుబయటికి పోవడంలో రహస్యం ఇదే. ఇనుప రేకు సంగతి చిత్రమైనది. కొత్తగా తళతళ మెరుస్తుంది కనుక ఎండను తిప్పికొడుతుందని అనుకుంటాం. కొంత తిప్పికొడుతుంది కూడా. కానీ తాను మింగిన కాస్త వేడిని ఆకాశంలోకి వదలిపెట్టే గుణం మెరిసే లోహానికి చాలా తక్కువ. అందుకే చేయి పెట్టలేనంతగా కాలుతుంది. దాని మీద తెల్లపెయింటు పూస్తే వేడిని వదలిపెట్టే గుణం కూడా వస్తుంది. మెకానిక్ షెడ్లలో, వెల్డింగు షాపులలో పగలంతా నిలబడి పనిచేసే మన యువకులకు ఈ ఒక్క సంగతి తెలిసినా మేలు.

ఇది మనకు కొత్త విద్య కాదు. గానుగలో తిప్పిన డంగు సున్నంతో కట్టిన కట్టడాల కింద, గుల్లసున్నం పూసిన గోడల మధ్య మన పూర్వులు వేసవులు గడిపారు. రాయలసీమ మట్టిమిద్దెల మీద పరచిన చౌడు మట్టి వాన నీటిని ఆపేది, లేత రంగు వలన ఎండనూ కొంత ఆపేది. తాటాకు ఇల్లు అగ్నికి భయపడింది గాని ఎండకు భయపడలేదు. తాటాకు పోయి సిమెంటు రేకు వచ్చింది, మట్టిమిద్దె పోయి స్లాబు వచ్చింది. అగ్నిభయం తగ్గింది, వాన కురిస్తే కారడం తగ్గింది, పరువు పెరిగింది. చల్లదనం మాత్రం ఇంటి నుండి వెళ్లిపోయి ఏసీ దుకాణంలో కూర్చున్నది. డబ్బున్నవారు దానిని అక్కడి నుండి కొనుక్కుని తెచ్చుకుంటున్నారు.

ఏసీ ఉన్నవారికి కూడా ఈ తెల్లకప్పు లాభమేనని నిరూపించిన పరిశోధన మన తెలుగునేల మీదనే జరిగింది. హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ, అంటే ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్కిలీ జాతీయ ప్రయోగశాల కలిసి హైదరాబాదు ప్రాంతపు వాణిజ్య భవనాల కప్పుల మీద కొలతలు తీసి 2012లో ప్రచురించాయి. మామూలు సిమెంటు కప్పుకు తెల్లపూత వేసినప్పుడు ఏడాదికి చదరపు మీటరుకు 13 నుండి 14 యూనిట్ల కరెంటు మిగిలింది; చల్లబరచడానికి అయ్యే కరెంటులో ఇది 10 నుండి 19 శాతం. నల్లని కప్పును తెల్లగా మార్చినచోట పొదుపు 20 నుండి 22 యూనిట్ల వరకు ఉన్నది. తరువాత 2017లో హైదరాబాదు దేవరకొండ బస్తీలో పేదల ఇళ్ల కప్పుల మీద ఎండను తిప్పికొట్టే తెల్లని పొరను పరచి చూశారు. ఆ ఇళ్లలోపలి ఉష్ణోగ్రత సగటున రెండు డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేనా అని పెదవి విరిచేవారు ఎండాకాలంలో రేకుల కింద ఒక మధ్యాహ్నం గడిపి చూడాలి. శరీరం చెమటపట్టి తనను తాను కాపాడుకోగలగడానికీ, కాపాడుకోలేక తడబడడానికీ మధ్య ఉన్న దూరం ఒక్కొక్కసారి అంతే. పైగా గాలి ఉష్ణోగ్రత ఒక్కటే కాదు, నెత్తి మీది నుండి నేరుగా తగిలే సెగ తగ్గడం దీనిలో పెద్ద ఉపశమనం. దానిని గోడకు తగిలించిన థర్మామీటరు పూర్తిగా చూపదు.

ఈ అనుభవాల మీద ఆధారపడి తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. ఇటువంటి విధానం తెచ్చిన తొలి రాష్ట్రం అదే. అయిదేళ్లలో హైదరాబాదులో 200, మిగిలిన రాష్ట్రంలో 100, మొత్తం 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లని కప్పులుగా మార్చాలన్నది లక్ష్యం. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు అంతకు మించిన స్థలంలో కట్టే నివాసాలకు ఇది తప్పనిసరి. ప్రభుత్వం పేదలకు కట్టించే ఇళ్లకు కూడా తప్పనిసరి చేశారు. చదరపు మీటరుకు దాదాపు 300 రూపాయలు ఖర్చవుతుందని అప్పటి మంత్రి కె. తారక రామారావు విడుదల సభలో చెప్పారు.

మా పట్టణం నుండి ఉత్తరంగా కొంత దూరం పోతే ఖమ్మం జిల్లా వస్తుంది. అక్కడి మామిడితోటకూ ఇక్కడి మామిడితోటకూ తేడా లేదు, అక్కడి ఎండకూ ఇక్కడి ఎండకూ తేడా లేదు. రాష్ట్ర సరిహద్దు మ్యాపులో ఉన్నది గాని ఆకాశంలో లేదు. కనుక పొరుగు రాష్ట్రపు విధానాన్ని మనం శ్రద్ధగా చదవాలి. మెచ్చుకోవలసినది మెచ్చుకుంటూనే దానిలో ఉన్న లోటును కూడా చూడాలి. 600 గజాల కంటే తక్కువ స్థలంలో సొంతంగా ఇల్లు కట్టుకున్నవారికి ఆ విధానం ఐచ్ఛికం. ఐచ్ఛికం అన్న మాట వినడానికి స్వేచ్ఛలాగా ఉంటుంది. యాభై గజాల రేకుల ఇంటివాడికి దాని అర్థం వేరు: నీకు ఇష్టమైతే, నీ దగ్గర డబ్బుంటే, నీవే చేసుకో. మంత్రి చెప్పిన లెక్కనే తీసుకుంటే నలభై చదరపు మీటర్ల కప్పుకు పన్నెండు వేల రూపాయలు. రోజు కూలితో బ్రతికే కుటుంబం ఆ మొత్తాన్ని కప్పు మీద పోస్తుందని ఎవరు అనుకుంటారు? అందరికంటే ఎక్కువగా ఎండకు కాలే కప్పు చట్టానికి బయట ఉండిపోయింది. మేము ఆ రాష్ట్రాన్ని నిందించడానికి ఈ మాట అనడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి నియమాలు రూపొందినప్పుడల్లా ఈ లోటు ఇక్కడ పునరావృతం కాకుండా మనం ముందుగానే గొంతు విప్పాలని అంటున్నాము. ఒంటి అంతస్తు చిన్న ఇళ్లు మొదటి వరుసలో ఉండాలి. వాటికి పూత ఉచితంగా గాని నామమాత్రపు ధరకు గాని అందాలి. పెద్ద భవనాలు తమ ఖర్చు తామే పెట్టుకోగలవు.

అహ్మదాబాదు ఈ క్రమాన్ని తలకిందులు చేసి చూపింది. 2010 మే నెలలో ఆ నగరం వేడికి భారీ ప్రాణనష్టం చవిచూసింది. 2013లో దక్షిణాసియాలోనే తొలి వడగాలుల కార్యాచరణ ప్రణాళికను సిద్ధం చేసుకున్నది. తరువాత కొన్నేళ్లకు మురికివాడల ఇళ్లను ఎంచుకుని మూడు వేల కప్పులకు సున్నపు పూత వేయించే పని చేపట్టింది. ఖరీదైన రసాయన పూతలు కాదు, మామూలు సున్నం. పేదవాని కప్పుతో మొదలుపెట్టడం అసాధ్యమేమీ కాదని దీనివలన అర్థమవుతున్నది.

అన్ని దేశాలకూ అన్ని ఊళ్లకూ తెల్లకప్పు ఒకేలా పనికివస్తుందా? రాదు. కాశ్మీరులోనో లదాఖ్‌లోనో శీతాకాలపు ఎండ అమూల్యం, అక్కడ కప్పు ఎండను మింగితేనే ఇల్లు వెచ్చబడుతుంది. మన రాష్ట్రంలోనే లంబసింగిలో జనవరి రాత్రులు ఎట్లా ఉంటాయో అందరికీ తెలుసు. అక్కడి గిరిజన గ్రామానికి పోయి కప్పుకు సున్నం వేయమని చెప్పడం అవివేకం. న్యూయార్కు వంటి చలినగరం కూడా 2009 నుండి కప్పులకు తెల్లరంగు వేయిస్తున్నది గదా అని అడగవచ్చు. అక్కడ లెక్క వేరు. శీతాకాలంలో పగలు చిన్నది, సూర్యుడు వాలుగా ఉంటాడు, కప్పు మీద పడే ఎండే తక్కువ; కనుక తెల్లరంగు వలన చలికాలంలో పోయేదానికంటే వేసవిలో వచ్చేది ఎక్కువని వారు లెక్కించుకున్నారు. స్పెయిన్‌లోని అల్మేరియాలో కూరగాయల కోసం వేసిన ప్లాస్టిక్ పందిళ్లకు రైతులు వేసవిలో సున్నం పూస్తారు. వేల ఎకరాల పందిళ్లు అట్లా తెల్లబడడంతో ఆ ప్రాంతంలో 1983 నుండి 2006 వరకు దశాబ్దానికి 0.3 డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గిందని అక్కడి శాస్త్రజ్ఞులు గుర్తించారు. చుట్టుపక్కల ప్రాంతాలు వేడెక్కుతున్న కాలంలో అది చల్లబడింది. మొక్కల కోసం చేసిన పని ఊరికి మేలు చేసింది. ఒక ఇంటి కప్పు తెల్లబడితే ఆ ఇంటికే లాభం, మొహల్లా అంతా తెల్లబడితే వీధి గాలికి కూడా లాభమని దీని నుండి మనం గ్రహించవచ్చు.

తిరువూరుకు చలికాలపు భయం లేదు. డిసెంబరు మధ్యాహ్నం కూడా ఇక్కడ ఎండ ఎండే. అయితే మరొక చిక్కున్నది. వానాకాలపు తేమకు తెల్లపూత మీద నాచు పట్టి నల్లబడుతుంది, పత్తి లారీల దుమ్ము, రోడ్డు దుమ్ము పేరుకుంటాయి. తొలి ఏడాది ఉన్న తెలుపు రెండవ ఏడాది ఉండదు. సున్నమైతే ప్రతి సంవత్సరం మాఘ ఫాల్గుణాలలో, అంటే ఎండలు ముదరక ముందే, తిరిగి వేసుకోవలసిందే. కూల్ పెయింటు కొన్నేళ్లు నిలుస్తుంది గాని దానిని కూడా ఏటా ఒకసారి కడగాలి. తెల్లకప్పు ఉక్కపోతను తగ్గించదన్న సంగతి కూడా చెప్పాలి. గాలిలో ఉన్న తేమ మీద దానికి అధికారం లేదు. కిటికీ లేని గదికి అది కిటికీ పెట్టలేదు. కప్పుతోపాటు వెనుకగోడలో ఒక చిన్న గవాక్షం, పడమటి గోడకు నీడ కూడా కావాలి. అన్ని రోగాలకూ ఇదే మందు అని అమ్మేవారి మాట నమ్మనక్కరలేదు.

చేతులారా చేసుకునేవారి కోసం కొన్ని జాగ్రత్తలు. స్లాబు మీద నాచును గీకి, కడిగి, ఆరనిచ్చి, పగుళ్లు ముందుగా పూడ్చుకోవాలి. పగులు మీద పూసిన సున్నం వాన నీటిని ఆపదు. సున్నాన్ని రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, జిగురు కలిపి, కప్పును కొద్దిగా తడిపి రెండు పూతలు వేయాలి. కంట్లో పడితే చూపుకే ప్రమాదం కనుక పిల్లలను దూరంగా ఉంచాలి, చేతులకు తొడుగులుండాలి. సిమెంటు రేకుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చాలా రేకులలో ఆస్బెస్టాస్ నార ఉంటుంది. పాత రేకును ఇనుప బ్రష్షుతో గీకితే, పొడిగా ఊడిస్తే ఆ నార ధూళిగా లేచి ఊపిరితిత్తులలో చేరుతుంది; దాని ఫలితం దశాబ్దాల తరువాత వ్యాధిగా బయటపడుతుంది. నీటితో తడిపి మెత్తని చీపురుతో మాత్రమే శుభ్రం చేయాలి. రేకుల మీద ఎక్కి నడవకూడదు, అవి మనిషి బరువుకు విరిగిపోతాయి. నిచ్చెన మీద నిలబడి పొడవాటి కర్రకు కట్టిన బ్రష్షుతో పూయవచ్చు. లేదా బలమైన పలకలు అడ్డంగా వేసి వాటి మీద కూర్చోవాలి.

అద్దె ఇంటివారి గతి ఏమిటన్నది కఠినమైన ప్రశ్న. కప్పు యజమానిది, వేడి అద్దెదారుది, కరెంటు బిల్లూ అద్దెదారుదే. యజమానికి కప్పు తెల్లబరచడం వలన వచ్చే లాభమేమీ కనబడదు. అద్దెదారు సొంత డబ్బుతో వేయిస్తే వచ్చే ఏడు ఆ ఇంట్లో ఉంటాడన్న హామీ లేదు, పైగా ఇల్లు బాగుపడిందని అద్దె పెంచే ప్రబుద్ధులు కూడా లేకపోలేదు. దీనికి చట్టం ద్వారా పరిష్కారం రావడం ఆలస్యం కావచ్చు. పట్టణ పాలక సంస్థ ఇంటిపన్నులో స్వల్ప రాయితీని తెల్లకప్పుతో ముడిపెడితే యజమానికి ఆసక్తి కలుగుతుంది. మొహల్లాలో పదిమంది ఎరిగిన పెద్దలు యజమానులతో కూర్చుని, సున్నం ఖర్చు అద్దెలో మినహాయించుకునే ఒప్పందం కుదర్చవచ్చు. ఖర్చు వందల రూపాయలలో తేలే పనికి ఇంతమాత్రం మంచితనం ఆశించడం అత్యాశ కాదు.

ప్రభుత్వం తన చేతిలో ఉన్న కప్పుల నుండి మొదలుపెట్టాలి. అంగన్‌వాడీ కేంద్రాలు, ఉర్దూ పాఠశాలలు, మైనారిటీ గురుకులాలు, షాదీఖానాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు. వీటిలో పిల్లలు, రోగులు, గర్భిణులు పగటివేళ ఉంటారు. ఏ భవనానికి మరమ్మతు నిధులు మంజూరైనా ఆ అంచనాలో తెల్లపూత కూడా చేర్చమని అడగడానికి కొత్త పథకం అవసరం లేదు, ఒక అర్జీ చాలు. పక్కా ఇళ్ల పథకాలలో ఇల్లు పూర్తయినట్లు బిల్లు చెల్లించేటప్పుడు కప్పు రంగును కూడా ఒక అంశంగా చేర్చాలి. కాలనీ ఇళ్లలో గోడలకు రంగులు వేసి ఫొటోలు తీస్తారు, కప్పు ఫొటోలో కనబడదు కనుక దానిని అడిగేవారు లేరు.

మసీదులు మాత్రం ఎవరి మంజూరు కోసమూ వేచి ఉండనక్కరలేదు. తీవ్రమైన ఎండలో జొహర్ నమాజును కొంత చల్లబడేవరకు వాయిదా వేయడం మనకు తెలిసిన సంప్రదాయమే. వేడి మనిషిని ఎంత ఇబ్బంది పెడుతుందో మన ధర్మశాస్త్రం గుర్తించిందనడానికి అది తార్కాణం. జుమా రోజు మసీదు పై అంతస్తులో, సరిగ్గా ఆ స్లాబు కిందనే వరుసలు నిండుతాయి. మసీదు కప్పు తెల్లబడితే నమాజీలకు ఉపశమనం, కరెంటు బిల్లులో పొదుపు, అన్నిటికీ మించి మొహల్లా అంతా కళ్లారా చూసి, చేయి పెట్టి తేడా తెలుసుకునే అవకాశం. రంజాన్ ఇప్పుడు చలికాలంలోకి జరిగింది కనుక కొందరు ఊరట చెందుతున్నారు. 2018లో మే నెల నడుమ మొదలైన ఉపవాసాలను గుర్తు చేసుకోండి. చాంద్రమానం తిరిగి తిరిగి 2050 ప్రాంతంలో రంజాన్‌ను మళ్లీ ఆ మే నెలకే తెస్తుంది. నేటి పిల్లలు అప్పటికి తల్లిదండ్రులై ఉంటారు, వారి నెత్తిన ఉండే ఎండ 2018 నాటికంటే తక్కువగా ఉండదు.

తిరువూరులో మా ప్రతిపాదన ఇది. జనవరి నెల ముగిసేలోగా ప్రతి మసీదు కమిటీ, ప్రతి యువజన సంఘం తమ వీధులలోని రేకుల ఇళ్ల, ఒంటి అంతస్తు స్లాబు ఇళ్ల జాబితా రాయాలి. మతంతో నిమిత్తం లేకుండా వీధిలోని అన్ని ఇళ్లూ అందులో ఉండాలి. పక్కింటి దళిత కుటుంబపు రేకు, మన రేకు ఒకే ఎండకు కాలుతున్నాయి. జాబితాలో వృద్ధులు, పసిపిల్లలు, గర్భిణులు, దీర్ఘరోగులు ఉన్న ఇళ్లకు, ఇంటిలో కూర్చుని కుట్టుపని చేసే స్త్రీలున్న ఇళ్లకు గుర్తు పెట్టాలి. ఆ జాబితా ఒక ప్రతి పట్టణ పాలక సంస్థకు, ఒక ప్రతి శాసనసభ్యునికి, ఒక ప్రతి జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయానికి అందజేసి రసీదు తీసుకోవాలి. వారు స్పందించే లోగా, గుర్తు పెట్టిన ఇళ్లలో మొదటి పదింటికి ఫిబ్రవరిలో మన చేతులతోనే సున్నం వేయాలి. పక్కన వేయని ఇల్లు ఒకటి వదిలి, రెండింటిలోనూ ఒకే రకం థర్మామీటర్లు తగిలించి, ఏప్రిల్ మొదటి తేదీ నుండి మే చివరి వరకు రోజూ మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదింటికి రాసి ఉంచాలి. పదవ తరగతి పరీక్షలు ముగించుకున్న పిల్లలు ఈ పని చక్కగా చేయగలరు. ఆ పుస్తకాన్ని జూన్‌లో మళ్లీ అవే కార్యాలయాలకు తీసుకుపోవాలి, ఈసారి అర్జీతోపాటు అంకెలు కూడా మన చేతిలో ఉంటాయి.